పాత మోటార్‌సైకిళ్ళ ఇంధన మిశ్రమం: ఎగ్జాస్ట్ పరీక్ష

కార్బరేటర్‌తో నడిచే పాత మోటార్‌సైకిల్ గాలినీ పెట్రోలునూ ఏ పాళ్ళలో తీసుకుంటోందో దాని ఎగ్జాస్ట్‌ను బట్టి తేల్చడం మెకానిక్ విద్యలో చాలా పాత భాగం. పొగ రంగు, సైలెన్సర్ మూతిలోని మసి, బెండు పైపు వేడి, చప్పుడు, వాసన, గ్యాస్ ఎనలైజర్ చూపే అంకెలు అన్నీ దీని కిందికే వస్తాయి. నేటి బండ్లలో ఎగ్జాస్ట్ పైపులోని సెన్సర్ ఈ పరీక్షను క్షణక్షణం చేస్తూ, ఎంత పెట్రోలు చిమ్మాలో కంప్యూటర్‌కు చెబుతూ ఉంటుంది. పాత బుల్లెట్, జావా, యెజ్డీ, బీఎస్ఏ, ట్రయంఫ్ బండ్లకు ఆ ఏర్పాటు లేదు. కార్బరేటర్లోని జెట్టు, నీడిల్, స్క్రూ ఎలా పెడితే అలాగే నడుస్తాయి.

ఎగ్జాస్ట్ అబద్ధం చెప్పదు. కానీ అది చెప్పేది కాలాక మిగిలినదాని గురించే. లోపలికి ఏ పాళ్ళలో వెళ్ళిందో మనమే వెనక్కి లెక్క కట్టుకోవాలి. మధ్యలో స్పార్కు బలహీనంగా ఉన్నా, వాల్వు సరిగ్గా కూర్చోకపోయినా, పైపు అతుకు దగ్గర గాలి దూరినా ఆ లెక్క తారుమారవుతుంది. ఒకే ఒక్క గుర్తు చూసి జెట్టు మార్చడం ఈ విద్యలో అన్నిటికంటే పెద్ద తప్పు.

పాళ్ళ లెక్క

ఒక కిలో పెట్రోలు పూర్తిగా కాలడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి. దీన్ని సమ మిశ్రమం అంటారు. అసలు పడుతున్న గాలిని ఈ సమ మిశ్రమానికి కావలసిన గాలితో భాగిస్తే వచ్చే అంకె లామ్డా. అది 1 కంటే తక్కువైతే మిశ్రమం రిచ్, అంటే పెట్రోలు ఎక్కువ. 1 దాటితే లీన్, అంటే గాలి ఎక్కువ. ఇంజన్ పూర్తి బలం ఇచ్చేది సుమారు 12.5 నుంచి 13 పాళ్ళ గాలి దగ్గర. మైలేజీ బాగా వచ్చేది 15, 16 పాళ్ళ మధ్య.

గాలితో చల్లబడే పాత ఇంజన్లను తయారీదారులు కావాలనే కొంచెం రిచ్‌గా ఉంచేవారు. అదనంగా వెళ్ళిన పెట్రోలు ఆవిరవుతూ సిలిండర్ లోపలి వేడిని కొంత లాగేస్తుంది. పోత ఇనుప సిలిండర్ ఉన్న 346 సీసీ బుల్లెట్‌లాంటి బండి ఎండాకాలం ఫుల్ లోడుతో పోతున్నప్పుడు ఈ చలువే దాన్ని కాపాడుతుంది. రిచ్ వైపు తప్పితే పెట్రోలు, ప్లగ్గు ఖర్చవుతాయి. లీన్ వైపు తప్పితే పిస్టన్ పట్టేయవచ్చు, ఎగ్జాస్ట్ వాల్వు కాలిపోవచ్చు. అందుకే అనుభవం ఉన్న మెకానిక్ అనుమానం వచ్చినప్పుడు రిచ్ వైపే ఒక అడుగు ఉంచుతాడు. అది సరైన పద్ధతే.

బయటికొచ్చే వాయువులో కార్బన్ డయాక్సైడ్ సమ మిశ్రమం దగ్గర అన్నిటికంటే ఎక్కువగా, 14, 15 శాతం దాకా ఉంటుంది. రిచ్ అయినా, లీన్ అయినా అది తగ్గుతుంది కాబట్టి దాన్నొక్కదాన్నే కొలిస్తే మనం ఏ వైపున ఉన్నామో తెలియదు. కార్బన్ మోనాక్సైడ్ అలా కాదు. సమ మిశ్రమం దగ్గర 1 శాతం లోపే ఉండి, లామ్డా 0.9 దగ్గర 3, 4 శాతానికి, గాలి 12 పాళ్ళకు పడిపోతే 6, 7 శాతానికి చేరుతుంది. లీన్ వైపు దాదాపు కదలదు. ఆక్సిజన్ తీరు దీనికి సరిగ్గా తిరుగు. రిచ్ వైపు నామమాత్రంగా ఉండి, 16 పాళ్ళ దగ్గర సుమారు 2 శాతానికి వస్తుంది. కాలని పెట్రోలు, అంటే హైడ్రోకార్బన్లు, రెండు కొసల్లోనూ పెరుగుతాయి. ఒక కొసన పెట్రోలు కాలడానికి గాలి చాలదు, రెండో కొసన మంట అంటుకోదు.

పొగ, మసి, వాసన

నల్ల పొగ పెట్రోలు ఎక్కువైందనడానికి గుర్తు. నీలం పొగ ఇంజన్ ఆయిల్ కాలుతోందని చెబుతుంది. రింగులో, వాల్వు గైడో అరిగితే వచ్చే ఆ పొగకు మిశ్రమంతో సంబంధం లేదు. చలికాలం పొద్దున స్టార్ట్ చేయగానే కనిపించే తెల్లని ఆవిరి నీటి ఆవిరే. పెట్రోలులోని హైడ్రోజన్ కాలితే నీరు పుడుతుంది కాబట్టి అది ఉండవలసిందే. బండి వెనుక నిలబడితే కళ్ళు మండి, పచ్చి పెట్రోలు వాసన వస్తుంటే రిచ్ అనుకోవడం సహజం. కానీ లీన్‌గా ఉండి మిస్సవుతున్న బండి కూడా ఇదే వాసన వేస్తుంది.

సైలెన్సర్ మూతిలో వేలు పెట్టి చూడటం అందరూ చేసేదే. వేలికి పొడిగా, మెరుపు లేని నల్లటి పొడి అంటితే అది పెట్రోలు మసి. జిగటగా, నిగనిగలాడుతూ అంటితే నూనె. ఇంతవరకు నమ్మవచ్చు. ఆ మసి నలుపును బట్టి పాళ్ళు చెప్పడం మాత్రం చాలా అనుమానించవలసిన పని. మూతిలోని మసి కొన్ని రోజుల ప్రయాణమంతటిదీ. చోక్ లాగి స్టార్ట్ చేసిన పొద్దుటి నిమిషాలు, సిగ్నళ్ళ దగ్గర ఐడిల్, హైవే పరుగు, అన్నీ ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి. ఏ పొర ఎప్పటిదో విడదీయలేం.

పాత సర్వీసు పుస్తకాల్లో పైపు లోపల లేత బూడిద రంగు ఉంటే ట్యూనింగ్ సరిగ్గా ఉన్నట్టని ఉంటుంది. ఆ మాట సీసం కలిపిన పెట్రోలు కాలానిది. సీసం సమ్మేళనాలు కాలి పైపు లోపల బూడిద రంగు పూత పూసేవి. మన దేశంలో 2000 ఫిబ్రవరి 1 నుంచి సీసం పెట్రోలు అమ్మకం ఆగిపోయింది. నేటి పెట్రోలుతో అన్నీ సరిగ్గా ఉన్న ఇంజన్ పైపు కూడా ముదురు రంగులోనే, తరచు నల్లగానే కనిపిస్తుంది. ఆ బూడిద రంగు కోసం జెట్టు చిన్నది చేసుకుంటూ పోతే బండి ప్రమాదకరమైనంత లీన్ అవుతుంది. ప్లగ్గు పింగాణీ రంగుకు సంబంధించిన పాత సలహాలకూ ఇదే జాగ్రత్త వర్తిస్తుంది.

మసిని నమ్మదగిన సాక్ష్యంగా మార్చుకునే దారి ఒకటుంది. ఇంజన్ బాగా వేడెక్కాక కొత్త ప్లగ్గు వేసి, ఖాళీగా ఉన్న పొడవాటి రోడ్డు మీద ఒకే థ్రాటిల్ స్థానంలో కొంత దూరం నడపాలి. తర్వాత ఒక్కసారిగా క్లచ్ పట్టి, ఇంజన్ ఆపేసి, బండిని దొర్లనిచ్చి నిలపాలి. ఐడిల్‌లో ఒక్క నిమిషం నడిచినా సాక్ష్యం చెరిగిపోతుంది. ప్లగ్గు విప్పి పింగాణీ మొదట్లో, లోహపు ఒంట్లోకి దిగిపోయేచోట టార్చి వేసి చూడాలి. పూర్తి థ్రాటిల్‌లో రిచ్ ఎంతో చెప్పే సన్నటి మసి వలయం అక్కడే ఏర్పడుతుంది. కొసన కనిపించే రంగు దీనికి పనికిరాదు. వలయం అసలే లేకుండా పింగాణీ తెల్లగా, ఎండిపోయినట్టుంటే లీన్.

చప్పుడు, వేడి

వేగంగా పోతూ థ్రాటిల్ మూసినప్పుడు సైలెన్సర్లో టప్ టప్ మని పేలడం బుల్లెట్ ఉన్న ప్రతివారికీ తెలిసిన చప్పుడే. మూసిన థ్రాటిల్‌లో సిలిండర్‌కు అందే కొద్దిపాటి మిశ్రమం లీన్‌గా ఉంటే స్పార్కుకు అంటుకోదు. అది అలాగే పైపులోకి పోయి, తర్వాతి విడతలో వచ్చే మండుతున్న వాయువు తగలగానే పేలుతుంది. అందుకే ఈ పేలుడు పైలట్ సర్క్యూట్, అంటే థ్రాటిల్ దాదాపు మూసి ఉన్నప్పుడు పనిచేసే కార్బరేటర్ భాగం, లీన్‌గా ఉందనడానికి గుర్తుగా పేరుపడింది. అయితే బెండు పైపు హెడ్డులోకి దూరే అతుకు వదులైనా బయటి గాలి లోపలికి పీల్చుకుని ఇదే పేలుడు వస్తుంది. స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు ఈ అతుకు చూడాలి. ఇంజన్ ఐడిల్‌లో ఉండగా మందపాటి గుడ్డతో సైలెన్సర్ మూతిని ఒక్క క్షణం అదిమితే, అతుకు కారుతుంటే అక్కడ బుస్సుమనే చప్పుడు వినిపిస్తుంది.

రిచ్ మిశ్రమం చప్పుడు వేరు. ఐడిల్ బరువుగా, ముద్దగా ఉంటుంది. ఇంజన్ వేగం తగ్గుతూ పెరుగుతూ ఊగిసలాడుతుంది, అప్పుడప్పుడు ఒక మంట తప్పిపోతుంది. ఇంజన్ వేడెక్కినకొద్దీ నడక మరింత పాడైతే రిచ్, మెరుగైతే లీన్ అని పాతవాళ్ళు చెప్పే గుర్తు చాలావరకు నిజం. చల్లటి ఇంజన్లో పెట్రోలు కొంత గోడలకు అంటి ఆవిరి కాకుండా మిగిలిపోతుంది కాబట్టి అప్పుడు ఎక్కువ పెట్రోలు కావాలి.

క్రోమ్ బెండు పైపు నీలంగా మారితే లీన్ అని వెంటనే అనేస్తారు. స్పార్కు ఆలస్యమైనా పైపు నీలమవుతుంది. పాయింట్ల వెనక ఉండే ఆటో అడ్వాన్స్ బరువులు తుప్పు పట్టి కదలకపోతే మంట ఆలస్యంగా అంటుకుంటుంది, ఇంకా మండుతున్న వాయువు పైపులోకి వచ్చేస్తుంది. ముందు టైమింగ్ సరిచూడకుండా పైపు రంగును బట్టి మిశ్రమం మీద తీర్పు చెప్పకూడదు.

ఏ థ్రాటిల్‌లో చూస్తున్నాం?

ఎగ్జాస్ట్ ఏం చెప్పినా అది ఆ క్షణంలో పనిచేస్తున్న కార్బరేటర్ భాగం గురించే. స్లైడు కార్బరేటర్లో ఎనిమిదో వంతు థ్రాటిల్ దాకా పైలట్ జెట్టు, ఎయిర్ స్క్రూ నడిపిస్తాయి. అక్కడి నుంచి పావు దాకా స్లైడు అడుగు కోత, పావు నుంచి ముప్పావు దాకా నీడిల్, నీడిల్ జెట్టు, ఆపైన మెయిన్ జెట్టు. ఐడిల్‌లో నల్ల పొగ వస్తోందని మెయిన్ జెట్టు మార్చడం వల్ల ఒరిగేదేమీ లేదు. హ్యాండిల్ గ్రిప్పు మీద, దాని పక్క భాగం మీద టేపు ముక్కలు అంటించి పావు, అర, ముప్పావు గీతలు పెట్టుకుంటే, గుర్తు ఏ స్థానంలో కనిపించిందో ఖాయంగా తెలుస్తుంది.

బ్రిటిష్ బండ్ల అమాల్ మోనోబ్లాక్, మన బుల్లెట్లకు వచ్చిన మిక్‌కార్బ్ వంటి కార్బరేటర్లలో ఐడిల్ సరిచేసే స్క్రూ గాలిని ఆపుతుంది. లోపలికి తిప్పితే గాలి తగ్గి మిశ్రమం రిచ్ అవుతుంది. తర్వాతి కాలపు బండ్లలో కొన్నిటికి ఈ స్క్రూ పెట్రోలును ఆపుతుంది, అక్కడ ఫలితం తిరగబడుతుంది. సాధారణంగా ఇంజన్ వైపున్నది పెట్రోలు స్క్రూ, ఎయిర్ ఫిల్టర్ వైపున్నది గాలి స్క్రూ.

మంట రంగు

విమానాలు తెరిచిన పొట్టి ఎగ్జాస్ట్ గొట్టాలతో ఎగిరిన రోజుల్లో, రాత్రి పూట గొట్టం మూతి దగ్గరి మంట రంగును చూసి పైలట్లు మిశ్రమం సరిచేసుకునేవారు. పొడవాటి పసుపు, ఎరుపు మంట రిచ్. పొట్టి నీలం మంట సరైన పాళ్ళు. వంటింట్లో గ్యాస్ పొయ్యి పసుపుగా మండితే గిన్నె అడుగు మసిబారడం, నీలంగా మండితే శుభ్రంగా ఉండటం ఈ సూత్రమే. సైలెన్సర్ ఉన్న మోటార్‌సైకిల్‌కు మంట బయటికి కనిపించదు. బ్రిటన్‌లో గన్సన్ కంపెనీ అమ్మిన కలర్‌ట్యూన్ ఈ లోటు తీర్చింది. అది గాజు కిటికీ ఉన్న ప్లగ్గు. అసలు ప్లగ్గు తీసి దీన్ని బిగించి నీడలో ఇంజన్ నడిపితే లోపలి మంట కనిపిస్తుంది. నారింజ, పసుపు రంగు రిచ్. గాఢ నీలం సరి. వెలిసిన తెల్ల నీలం లీన్. ఐడిల్ సరిచేయడానికి ఇది చక్కటి పనిముట్టు. ఎక్కువసేపు లోడు మీద నడపడానికి పనికిరాదు.

గ్యాస్ ఎనలైజర్

ఎగ్జాస్ట్ వాయువుల పాళ్ళకూ గాలి, పెట్రోలు పాళ్ళకూ ఉన్న సంబంధాన్ని డాలెవా, లవెల్ అనే అమెరికన్ పరిశోధకులు 1936లో వక్రరేఖలుగా గీసి ప్రచురించారు. ఆ కాలపు విమానాల్లో వాడిన కేంబ్రిడ్జ్ ఎనలైజర్ వాయువు వేడిని ఎంత త్వరగా మోసుకుపోతుందో కొలిచేది. రిచ్ ఎగ్జాస్ట్‌లో హైడ్రోజన్ ఉంటుంది. అది వేడిని చాలా వేగంగా మోస్తుంది కాబట్టి వేడెక్కిన ప్లాటినం తీగ చల్లబడి, దాని నిరోధం మారుతుంది. 1937లో అమీలియా ఇయర్‌హార్ట్ నడిపిన లాక్‌హీడ్ ఎలెక్ట్రా విమానంలో ఈ పరికరం ఉండేది. తర్వాత పరారుణ కాంతిని కార్బన్ మోనాక్సైడ్ ఎంత పీల్చుకుంటుందో కొలిచే ఎనలైజర్లు వచ్చి గ్యారేజీల్లో స్థిరపడ్డాయి.

పాత బండి ఉన్నవారికి ఈ పరికరం ఎంత దగ్గర్లో ఉందో చాలామంది గమనించరు. పెట్రోలు బంకు పక్కన వ్యానులో పొల్యూషన్ సర్టిఫికెట్ ఇచ్చే మనిషి వాడేది ఇదే. 2000 మార్చి 31 వరకు తయారైన ద్విచక్ర వాహనాలకు ఐడిల్‌లో కార్బన్ మోనాక్సైడ్ 4.5 శాతం, హైడ్రోకార్బన్లు పది లక్షల్లో 9,000 పాళ్ళు మించకూడదని మోటారు వాహనాల నిబంధన. సర్టిఫికెట్ వస్తే చాలని కాగితం మడిచి పెట్టేసుకుంటారు కానీ, దాని మీద అచ్చయిన ఈ రెండు అంకెల్లో బండి ఆరోగ్యం ఉంటుంది.

రెండిటినీ కలిపి చదవాలి. కార్బన్ మోనాక్సైడ్ 6 శాతం ఉంటే ఐడిల్ రిచ్, సందేహం లేదు. 3 శాతం దగ్గర ఉండి హైడ్రోకార్బన్లు తక్కువగా ఉంటే పాత నాలుగు స్ట్రోకుల ఇంజన్‌కు అంతకంటే కోరవలసింది లేదు. కార్బన్ మోనాక్సైడ్ అర శాతానికి పడిపోయి హైడ్రోకార్బన్లు ఎగబాకితే అది లీన్‌గా ఉండి మిస్సవుతున్న ఇంజన్. కార్బన్ మోనాక్సైడ్ మామూలుగా ఉండి హైడ్రోకార్బన్లు మాత్రమే ఎక్కువైతే కార్బరేటర్ జోలికి పోకుండా ప్లగ్గు, పాయింట్లు, వాల్వు సందు చూడాలి.

ట్యూనింగ్ చేసేటప్పుడు ఎయిర్ స్క్రూను లోపల ఆనేదాకా మెల్లగా తిప్పాలి, బిగించకూడదు. అక్కడి నుంచి ఒకటిన్నర చుట్టు వెనక్కి తీసి ఇంజన్ వేడెక్కాక పావు చుట్టు చొప్పున మార్చాలి. ప్రతి మార్పు తర్వాత అంకె స్థిరపడేదాకా ఆగాలి, వాయువు గొట్టంలో ప్రయాణించి మీటరు చేరడానికి సమయం పడుతుంది. గొట్టాన్ని సైలెన్సర్లోకి కనీసం 300 మిల్లీమీటర్లు దూర్చాలి. ఐడిల్‌లో నిమిషానికి 1,000 చుట్లు తిరిగే ఒంటి సిలిండర్ ఇంజన్ సెకనుకు ఎనిమిదిసార్లే వాయువును వదులుతుంది. రెండు విడతల మధ్య బయటి గాలి మూతిలోంచి వెనక్కి దూరుతుంది. గొట్టం పైపైనే పెడితే ఆ గాలి కలిసి కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్ల అంకెలు రెండూ తగ్గి, బండి ఉన్నదానికంటే లీన్‌గా కనిపిస్తుంది.

ఆక్సిజన్ సెన్సర్

బాష్ తయారుచేసిన లామ్డా సెన్సర్ 1976లో వోల్వో కార్లతో మార్కెట్లోకి వచ్చింది. మొదటి రకం సెన్సర్ రిచ్ వైపు సుమారు 0.8 వోల్టులు, లీన్ వైపు 0.1 వోల్టు ఇస్తుంది, సమ మిశ్రమం దగ్గర ఒక్కసారిగా మారుతుంది. పాత ఇంజన్ ఉండవలసింది 13 పాళ్ళ దగ్గర కాబట్టి ఈ రకం పెద్దగా ఉపయోగపడదు. వైడ్‌బ్యాండ్ సెన్సర్ ఆ అంకెనే సరిగ్గా చూపిస్తుంది. బెండు పైపుకు 18 మిల్లీమీటర్ల మరల నట్టు వెల్డింగ్ చేయించి దాన్ని బిగిస్తారు. రోడ్డు మీద, థ్రాటిల్ తెరిచి నడుపుతూ చదవడానికి దీనికి మించింది లేదు.

ఐడిల్‌లో మాత్రం దీన్ని నమ్మకూడదు. సెన్సర్ లెక్కపెట్టేది ఆక్సిజన్‌ను. ఇంజన్ మరీ రిచ్ అయి ఒక మంట తప్పిందనుకుందాం. ఆ విడతలో కాలని పెట్రోలుతో పాటు వాడని గాలి మొత్తం పైపులోకి వస్తుంది. సెన్సర్‌కు ఆ గాలిలోని ఆక్సిజన్ కనబడి లీన్ అని చూపిస్తుంది. దాన్ని నమ్మి జెట్టు పెద్దది చేస్తే మంటలు ఇంకా తప్పుతాయి, మీటరు ఇంకా లీన్ అంటుంది. ఇక్కడ కార్బన్ మోనాక్సైడ్ మీటరే నిజం చెబుతుంది. కాలకుండా కార్బన్ మోనాక్సైడ్ పుట్టదు కాబట్టి, తప్పిన మంటలు దాని అంకెను కొంత పలుచన చేస్తాయే గాని రిచ్‌ను లీన్‌గా చూపించవు. ఒంటి సిలిండర్ పాత బండికి ఐడిల్‌లో కార్బన్ మోనాక్సైడ్ మీటరు, రోడ్డు మీద వైడ్‌బ్యాండ్ వాడటమే సరైన పంపకం.

రెండు స్ట్రోకుల బండ్లు

మైసూరులో 1961 నుంచి తయారైన జావా, ఆ తర్వాతి యెజ్డీ, రాజ్‌దూత్ వంటివి పెట్రోల్లోనే నూనె కలిపి పోసే బండ్లు. వీటికి లేత నీలం పొగ సహజ గుణం. ఎగ్జాస్ట్ పోర్టు తెరిచి ఉండగానే కొత్త మిశ్రమం సిలిండర్లోకి వస్తుంది కాబట్టి అందులో కొంత కాలకుండానే బయటికి జారిపోతుంది. దానితో ఆక్సిజన్, హైడ్రోకార్బన్లు రెండూ ఎప్పుడూ ఎక్కువగానే ఉంటాయి. ఆక్సిజన్ సెన్సర్ ఇక్కడ దాదాపు దారి తప్పిస్తుంది, నూనె మసి దాన్ని త్వరగా పాడుచేస్తుంది కూడా. ఈ బండ్లకు ప్లగ్గు పరీక్ష, ఎగ్జాస్ట్ వేడి కొలిచే థర్మోకపుల్ మేలు. లీన్‌గా పరిగెత్తిన రెండు స్ట్రోకుల ఇంజన్ హెచ్చరిక లేకుండా పట్టేస్తుంది కాబట్టి వేడిని కనిపెట్టడం ముఖ్యం. పెట్రోల్లో నూనె పాలు పెంచితే అదే జెట్టులోంచి వెళ్ళే పెట్రోలు తగ్గి మిశ్రమం లీన్ అవుతుందన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి.

పాత జావా, యెజ్డీల్లో చాలావాటికి సిలిండర్ ఒకటే, సైలెన్సర్లు రెండు. ఒక పక్క మూతి పొడిగా, రెండో పక్క జిడ్డుగా ఉంటే దానికి కారణం మిశ్రమం కాదు, రెండిటికీ వెళ్ళేది ఒకే సిలిండర్ వాయువు. ఒక పక్క సైలెన్సర్ లోపల నూనె మసి పట్టి మూసుకుపోతోందని అర్థం. రెండు కార్బరేటర్ల ట్రయంఫ్ బోనవిల్ వంటి జంట సిలిండర్ల బండిలో రెండు మూతుల పొడి మసిలో తేడా కనిపిస్తే మాత్రం రెండు కార్బరేటర్ల మధ్య పొత్తు కుదరలేదన్నమాట.

ఎత్తు, ఇథనాల్

పైకి పోయినకొద్దీ గాలి పలచబడుతుంది, కార్బరేటర్ మిశ్రమం రిచ్ అవుతుంది. విశాఖపట్నంలో సరిచేసిన బండి సుమారు 900 మీటర్ల ఎత్తున్న అరకు చేరేసరికి మిశ్రమం 4 శాతం రిచ్ అవుతుంది. అది పట్టించుకోదగ్గ తేడా కాదు. లడఖ్‌లో 5,359 మీటర్ల ఖర్దుంగ్ లా మీద ఆ తేడా దాదాపు నాలుగో వంతు. అక్కడ పాత బుల్లెట్లు నల్ల పొగ కక్కుతూ ఎక్కలేక మొరాయించేది అందుకే.

ఇంతకంటే పెద్ద మార్పు పెట్రోలులోనే వచ్చింది. 20 శాతం ఇథనాల్ కలిపిన ఇ20 పెట్రోలు 2023 నుంచి దేశంలో అమ్మకానికి వచ్చి ఇప్పుడు దాదాపు అన్ని బంకుల్లో అదే దొరుకుతోంది. ఇథనాల్ తనలోనే ఆక్సిజన్ మోసుకొస్తుంది, దాని సమ మిశ్రమానికి 9 పాళ్ళ గాలే చాలు. కలిపి లెక్క కడితే ఇ20కి సుమారు 13.5 పాళ్ళు వస్తాయి. మునుపు 13 పాళ్ళ గాలితో, అంటే లామ్డా 0.88 దగ్గర హాయిగా నడిచిన బండి, ఏ జెట్టూ ముట్టకుండానే 0.96కి చేరింది. 4 శాతం ఉండే కార్బన్ మోనాక్సైడ్ బాగా దిగిపోతుంది, పైపులో మసి తగ్గుతుంది. చూసేవారికి బండి శుభ్రంగా కాలుతున్నట్టే ఉంటుంది కానీ, దాని చలువ పెట్రోలు పోయింది. అమాల్ మెయిన్ జెట్టు మీది అంకె నిమిషానికి ఎన్ని సీసీల పెట్రోలు పారుతుందో చెప్పేది కాబట్టి, పాత నిష్పత్తి తిరిగి రావాలంటే ఆ అంకెను సుమారు 8, 9 శాతం పెంచాలి, నీడిల్‌ను ఒక గాడి పైకి లేపి చూడాలి. వైడ్‌బ్యాండ్ మీటరు వాడేవారు అది చూపే పాళ్ళ అంకెను కాక లామ్డానే చదవాలి. మీటరు కొలిచేది లామ్డానే, పాళ్ళుగా చూపించేటప్పుడు దాన్ని 14.7తో గుణిస్తుంది. ఇ20కి ఆ గుణకం పొసగదు.

జాగ్రత్త

కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన లేవు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. రిచ్‌గా నడిచే పాత ఇంజన్ ఎగ్జాస్ట్‌లో అది నూటికి 5, 6 వంతులు ఉంటుంది కాబట్టి ఈ పరీక్షలన్నీ ఆరుబయటే చేయాలి. షెడ్డులో షట్టర్ సగం ఎత్తి ఉంచడం చాలదు. తలనొప్పి, వికారం మొదలైతే వెంటనే ఇంజన్ ఆపి బయటి గాలిలోకి వచ్చేయాలి.